సముద్రానికి ఆవల అంత్యేష్టి



షోడశ సంస్కారాలలో కడపటిదానికి అంత్యేష్టి అని పేరు. ఇష్టి అంటే యజ్ఞం. జన్మంతా అగ్నిలో హవిస్సును వేల్చిన గృహస్థు చివరకు తన దేహాన్నే హవిస్సుగా అగ్నికి అప్పగిస్తాడని దీని భావం. ఋగ్వేదం పదవ మండలంలోని పదహారవ సూక్తం అంతా ఈ సందర్భంలో అగ్నిదేవునికి చేసే విన్నపమే.

నేడు మన తెలుగు కుటుంబాలు అనేకం ఇంగ్లండులోను, అమెరికాలోను స్థిరపడి ఉన్నవి. అక్కడ తల్లిగాని తండ్రిగాని కాలం చేస్తే, కుమారుడు ముందుగా కబురు చేయవలసినది ఊరిలోని ఫ్యూనరల్ హోమ్ అనే సంస్థకు. దేహాన్ని భద్రపరచడం, పెట్టె సిద్ధం చేయడం, కాగితాలు వ్రాయించడం, దహనశాలలో సమయం నిర్ణయించడం అన్నీ వారి చేతిలోని పనులు. ఇంత పరాయి పద్ధతిలో జరిగిన కర్మ ఫలిస్తుందా అని ఇక్కడి పెద్దలు కలత చెందుతుంటారు. ఆ కలతకు సమాధానం వెదకేముందు, ఆ గడ్డపై హిందువుకు అగ్ని ఏ విధంగా లభించిందో తెలుసుకోవడం అవసరం. ఇంగ్లండు చరిత్రనే తీసుకుందాం.

రాజా రామమోహన్ రాయ్ 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ నగర సమీపంలో దేహం చాలించారు. దహనం అనే మాటే ఆ దేశంలో అప్పుడు లేదు. క్రైస్తవ శ్మశానంలో తనను ఉంచవద్దని ఆయన ముందే కోరి ఉన్నందున, బస చేసిన ఇంటి తోటలోనే, ఏ మత క్రతువూ లేకుండా, మౌనంగా భూమిలో ఉంచారు. పదేళ్ళ తరువాత, 1843లో, ఆ అవశేషాలను ఆర్నోస్ వేల్ శ్మశానానికి మార్చి, ద్వారకానాథ ఠాకూరు పూనికతో పైన రాతి ఛత్రి కట్టించారు. ఆ ద్వారకానాథుడే 1846లో లండనులో మరణించగా, ఆయనకూ కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఖననమే జరిగింది. రాజుల వంటి సంపద ఉన్నవారికే చితి దొరకలేదంటే, ఓడలలో పనిచేసే సామాన్యుల గతి ఏమై ఉంటుందో ఊహించవచ్చు.

ఐరోపాలో విధివిధానంగా జరిగిన దహనానికి పేరొందినది ఇటలీలోని ఫ్లోరెన్సు నగరం. కొల్హాపూరు ప్రభువు రాజారామ్ మహారాజు ఇంగ్లండు యాత్ర ముగించుకొని స్వదేశానికి వస్తూ 1870 నవంబరు 30న ఆ నగరంలో మరణించాడు. వయస్సు ఇరవై ఏళ్ళు. వెంట ఉన్న పరివారం నగరాధికారుల అనుమతి సంపాదించి, ఆర్నో నదిలో మున్యోనే వాగు కలిసే సంగమస్థానంలో చితి పేర్చి శాస్త్రోక్తంగా దహనం చేశారు. పరదేశంలో కూడా సంగమాన్ని వెదకి పట్టుకున్న వారి శ్రద్ధ గమనింపదగినది. ఆ చోట నేటికీ ఛత్రి ఉన్నది. 1978లో సమీపంలో తెరచిన వంతెనను జనం ‘భారతీయుని వంతెన’ అనే పిలుస్తారు.

ఇంగ్లండులో దారి తెరచినది మన వారు కారు. వేల్స్ ప్రాంతంలో విలియం ప్రైస్ అనే వృద్ధ వైద్యుడు 1884 జనవరిలో తన ఐదు నెలల శిశువును కొండపై దహనం చేయబోగా జనం అడ్డగించారు, ప్రభుత్వం నేరం మోపింది. (మన ఆచారంలోనైతే ఆ వయస్సు శిశువును ఖననమే చేస్తారు, ఆయన నమ్మకం వేరు.) ఇతరులకు ఇబ్బంది కలుగనంతవరకు దహనం నేరం కాదని న్యాయమూర్తి స్టీఫెన్ తీర్పు చెప్పారు. ఈ స్టీఫెన్ అంతకు పూర్వం మన దేశంలో గవర్నర్ జనరల్ సభలో న్యాయ సభ్యుడుగా ఉండి, 1872 నాటి సాక్ష్య చట్టాన్ని రూపొందించినవారే. మరుసటి ఏడు వోకింగ్‌లో దహనశాల పనిచేయడం మొదలైంది. ఆ సంవత్సరమంతా అక్కడ జరిగిన దహనాలు మూడు మాత్రమే. 1902లో దహన చట్టం వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు బ్రైటన్ పట్టణంలోని రాజప్రాసాదాన్ని 1914 డిసెంబరులో ఆసుపత్రిగా మార్చారు. అక్కడ కన్నుమూసిన హిందూ, సిక్కు సైనికులకోసం పట్టణానికి దూరంగా, పాచమ్ గ్రామం పైనున్న పచ్చిక కొండలపై దహనవాటిక ఏర్పాటైంది. ఆకాశం క్రింద, కట్టెల చితిపై, యాభై ముగ్గురు అక్కడ భస్మమైనారు. ఆ భస్మాన్ని సముద్రంలో కలిపారు. తండ్రికి కొడుకు నిప్పు పెట్టవలసిన చోట తోటి సైనికుడే కర్తయై నిలిచిన చితులు అవి. ఆ స్థలంలో కట్టిన తెల్లని పాలరాతి ఛత్రిని 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. ఆ యాభై ముగ్గురి పేర్లు రాతిపై చెక్కించడం మాత్రం 2010 దాకా జరుగలేదు. ఇంత ఆలస్యం ఎందుకైందని అడగాలనిపిస్తుంది.

అదే 2010లో మరొక ఘట్టం. న్యూకాసిల్ నగరవాసి దేవేందర్ ఘై అనే హిందువు, తన దేహాన్ని సంప్రదాయ చితిపై దహించే వీలు కల్పించమని 2006లో నగరపాలక సంస్థను కోరారు. వారు నిరాకరించారు, 2009లో హైకోర్టూ కాదన్నది. చట్టం ప్రకారం దహనం ‘భవనం’లోనే జరగాలి. గోడలు ఉండి, పైకప్పు తెరచి ఉన్న కట్టడమైనా తనకు సమ్మతమే, సూర్యకాంతి చితిపై పడితే చాలునని ఆయన వివరించారు. అటువంటి కట్టడం కూడా చట్టం చెప్పే భవనమే కాగలదని 2010 ఫిబ్రవరి 10న అప్పీలు న్యాయస్థానం అంగీకరించింది. చట్టాన్ని మార్చకుండానే ఒక మాటకు అర్థం విస్తరించింది.

ఇక నేటి ఆచరణ. మన వాళ్ళు ఎక్కువగా వెళ్ళేది మామూలు దహనశాలకే. అక్కడ గంటల లెక్కన సమయం ఇస్తారు. ఆ కొద్దిసేపటిలో ఏది చేయాలో ముందే తేల్చుకోకపోతే పురోహితుడు ఒక వైపు, సిబ్బంది ఒక వైపు తొందరపెడతారు. అందుచేత సంస్థవారితో మొదటి మాటలలోనే చెప్పవలసినవి కొన్ని ఉన్నవి. స్నానం చేయించి వస్త్రం కట్టేది కుటుంబీకులేనని. పెట్టెను ఇంటికి తెచ్చి తెరచి ఉంచాలని. కొలిమిలోకి పంపేటప్పుడు కర్త దగ్గర నిలబడి తానే మీట నొక్కుతాడని. అనేక దహనశాలలు దీనికి ఒప్పుకుంటాయి, అయితే ముందుగా అడగాలి. కొబ్బరికాయ, లోహపు పాత్రలు పెట్టెలో ఉంచనివ్వరు. గుండెకు అమర్చిన పేస్‌మేకర్ వేడికి పేలుతుంది కనుక ముందే తీయించాలి.

అమెరికాలో 1984 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఈ సంస్థలు ఏ పనికి ఎంతో విడివిడిగా ధరల పట్టిక ఇచ్చి తీరాలి. నేరుగా దహనం చేయించేవారు ఖరీదైన పెట్టె కొనవలసిన పనిలేదు. దుఃఖంలో ఉన్నవారు బేరమాడలేరు. కాబట్టి ఆ పట్టికను బంధువులలో స్థిమితంగా ఉన్నవారు చదవడం మంచిది.

కుండ పగులగొట్టడం హాలులో వీలుకాకపోతే వాకిట చేయవచ్చు. దింపుడు కళ్ళం దగ్గర మూడుసార్లు పేరుపెట్టి పిలిచే మన ఆచారాన్ని కొందరు అక్కడ వదలివేస్తున్నారు. పెట్టెను గడపలో క్షణం దించి పిలిస్తే దోషమేమీ లేదని నా అభిప్రాయం. దేహమే దొరకనప్పుడు మోదుగ కాడలతో మనిషి ఆకృతి చేసి దహించమని చెప్పిన ధర్మశాస్త్రం, గ్యాసు మంటను కాదనదు.

నిజమైన చిక్కు మరొకచోట ఉన్నది. ఇంగ్లండులో మరణానికి, దహనానికి మధ్య వారం గడవడం సామాన్యం. ఆహితాగ్నికి దహనదినం నుండి, ఇతరులకు మరణదినం నుండి ఆశౌచం లెక్కించాలని పెద్దల నిర్ణయం. ఎనిమిదవనాడు దహనమైతే దశాహ కర్మలు ఎట్లా సర్దుకోవాలో పురోహితునితో ముందే మాట్లాడుకోవాలి. దహనశాల తేదీ ఖాయం చేసిన తరువాత కాదు. అస్థి సంచయనం సంగతీ అంతే. అక్కడ ఎముకలను యంత్రంలో పొడిచేసి పాత్రలో పోసి ఇస్తారు. పొడి చేయకుండా ఇమ్మని కోరదలచినవారు దహనానికి ముందే వ్రాసి ఇవ్వాలి. గోదావరికో, కృష్ణకో తీసుకురాదలచినవారు దహన ధ్రువపత్రాన్ని, మరణ ధ్రువపత్రాన్ని పాత్రతోపాటే చేతిలో ఉంచుకోవాలి.