హెచ్చరిక బొమ్మల పూర్వకథ

జాల అనువర్తనం వాడుకరితో చెప్పదలచే మాటలు స్థూలంగా నాలుగు: పని జరిగినది, ఈ సంగతి గమనించండి, జాగ్రత్త, పని చెడినది. ఒక్కొక్క మాట ప్రక్కన ఒక్కొక్క చిన్న బొమ్మ నిలపడం ఆనవాయితీ. ఈ బొమ్మల వంశవృక్షం కంప్యూటరుతో మొదలు కాలేదు, రహదారితో మొదలైనది.

1909లో పారిస్‌లో కుదిరిన మోటారు వాహనాల ఒప్పందం నాలుగు ప్రమాద సూచికలను నిర్ణయించింది: ఎగుడుదిగుడు, మలుపు, కూడలి, రైలు గేటు. 1931నాటి జెనీవా ఒప్పందం ప్రమాదానికి త్రికోణాన్ని కేటాయించింది. ‘ఆగుము’ అనే అష్టభుజి 1920లలో అమెరికాలో పుట్టింది. రాత్రివేళ కనబడుతూ వెలిసిపోని ఎర్రరంగు దొరకక 1954 వరకూ అక్కడ అది పసుపుపచ్చగానే ఉండేది. అంటే ముందు కుదిరినది ఆకారం, రంగు తరువాత వచ్చి చేరింది. ఈ క్రమాన్ని మన తెరల రూపకర్తలు తలక్రిందులు చేశారని నా అభియోగం.

1984లో వెలువడిన మాకింటోషు ఆ రహదారి భాషనే తెరమీదికి తెచ్చింది. మాట్లాడుతున్న ముఖం సూచనకు, త్రికోణంలో ఆశ్చర్యార్థకం జాగ్రత్తకు, అష్టభుజిలో అరచేయి ఆపడానికి. తెర నలుపు తెలుపులది కనుక ఆకారమే భారమంతా మోసింది. వ్యవస్థ కుప్పకూలితే కనబడే బాంబు బొమ్మ సూసన్ కేర్ గీసినది. చమత్కారం బాగున్నదే గాని, చేస్తున్న పని పోగొట్టుకున్నవాడికి అది నవ్వు తెప్పించదు.

విండోస్ కథ మరింత ఆసక్తికరం. సందేశపు పెట్టెలోని బొమ్మలకు అందులో మొదట పెట్టిన పేర్లు చేయి, ప్రశ్న, ఆశ్చర్యార్థకం, నక్షత్రపు గుర్తు. వాటి సంఖ్యలు వరుసగా 16, 32, 48, 64. ఇవి బొమ్మ రూపానికి పేర్లు, అర్థానికి కావు. విండోస్ 95 నాటికి చేయి స్థానంలో ఎర్రని వృత్తంలో తెల్లని ఇంటూ గుర్తు కూర్చుంది. ‘దోషం’, ‘హెచ్చరిక’ అనే అర్థసూచక నామాలు అదనంగా వచ్చినా, వాటి వెనుక సంఖ్యలు పాతవే. ప్రశ్నార్థకం మాత్రం నిలువలేదు. ఏ రకం సందేశాన్నైనా ప్రశ్నగా అడగవచ్చు. పైగా అది సహాయపు గుర్తుగా భ్రమ గొలుపుతుంది. కనుక దానిని వాడవద్దని మైక్రోసాఫ్టే వ్రాసింది, పాత అనువర్తనాల కోసం మాత్రం ఉంచింది.

2005లో మొదలైన టాంగో ప్రయత్నం గ్నోమ్, కేడీఈ వంటి మేజాతెరలన్నిటికీ ఒకే తీరు బొమ్మలు, ఒకే పేర్లు కావాలన్నది. జాలంలో అంత క్రమశిక్షణ లేదు. బూట్‌స్ట్రాప్ 2లో ‘దోషం’ అన్న పేరు 2013లో వచ్చిన మూడవ కూర్పులో ‘ప్రమాదం’ అయింది. ఒక ఖాళీ గడి నింపకపోవడం ప్రమాదమా? ఈ అతిశయోక్తికి అలవాటు పడిన కన్ను, దస్త్రం శాశ్వతంగా చెరిగిపోయే వేళ కూడా ఉలిక్కిపడదు.

రంగు మీదనే ఆధారపడడం అంతకంటే పెద్ద లోపం. ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని కళ్ళకు ఒకే ఆకారంలోని రెండు చుక్కలు ఒక్కటే. 2008లో వచ్చిన జాల సౌలభ్య మార్గదర్శకాల రెండవ కూర్పు, సమాచారం తెలపడానికి రంగు ఒక్కటే సాధనం కారాదన్నది. 2018నాటి 2.1 కూర్పు, స్థితి సందేశాలు తెర చదివే ఉపకరణాలకు కూడా అందాలన్నది. బొమ్మ ఎంత చక్కనిదైనా ప్రక్కన మాట ఉండి తీరాలి.

గుర్తుల అర్థం కూడా సార్వజనీనం కాదు. మన బడిలో టిక్కు ఒప్పు, ఇంటూ తప్పు; జపాను బడిలో ఒప్పుకు సున్న చుడతారు, టిక్కు తప్పును చూపవచ్చు. ఇక మనం ఆశ్చర్యార్థకమని పిలిచే గుర్తు హెచ్చరిక పని చేస్తూండడం తెలుగువాడికి కాస్త ఆశ్చర్యమే!

యూనికోడు 4.0 హెచ్చరిక త్రికోణానికి 2003లో ఒక స్థానమిచ్చింది. అయితే అదే అక్షరం ఒక పరికరంలో నల్లని గీతలుగా, మరొకదానిలో పచ్చని ఎమోజీగా కనబడుతుంది. నేనైతే నాలుగు ఆకారాలు వేరువేరుగా ఒకే చేతితో గీయించి, వాటి దస్త్రాలకు అర్థాన్ని బట్టి పేర్లు పెడతాను.