మృగముల తెలివియు మన భోజనమును

గంజాం జిల్లాలో ఋషికుల్యానదీ తీరమున జౌగడ యను ప్రాచీన దుర్గము కలదు. అందలి బండపై క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండపై నున్న మొదటి శాసనమే ఇక్కడను కలదు. కావున ఒడిస్సాలో తరతరములుగా కాపురమున్న మన తెలుగువారికి అది రెండు విధముల స్వంతము.

ఆ మొదటి శాసనమున చక్రవర్తి తన వంటశాల లెక్కను వ్రాయించినాడు. పూర్వము కూరలకై దినదినము లక్షల కొలది ప్రాణులు చంపబడుచుండెను. శాసనము నాటికి రెండు నెమళ్లును ఒక జింకయు మాత్రమే, జింకయు నిత్యము కాదు. ఇకమీదట ఆ మూడును చంపబడవు. ఆజన్మము లెక్కల పుస్తకములతో గడపిన మాబోంట్లకు ఇంత నిజాయితీ గల లెక్క మఱియొకటి కనబడలేదు.

నేడు మన యిండ్లలోని చదువుకొన్న పిల్లలు వేఱొక ప్రశ్న వేయుచున్నారు: తెలివిగల జంతువును తినదగునా? కారణము లేకపోలేదు. అమెరికాలో నాలుగు పందులు ముట్టెతో మీటను కదపి తెరమీది గుర్తును నడపగలిగెనని 2021లో పరిశోధకులు ప్రకటించిరి. కుక్కను ముద్దాడి పందిని కోయుట న్యాయమా యని వారి వాదము.

ఇందుకు సమాధానము అశోకుని మఱియొక శాసనమున దొరకును. పట్టాభిషేకమైన 26 ఏండ్లకు ఉత్తరదేశపు స్తంభములపై అతడు చంపరాని ప్రాణుల పట్టికను చెక్కించెను. అందు పలుకులు నేర్చు చిలుకయు, గోరువంకయు కలవు. గబ్బిలము, రాణిచీమ, ఎముకలేని చేపయు కలవు. బుద్ధియే కొలత యైనచో చీమకు చోటెక్కడిది? మాంసమును అతడు పూర్తిగా నిషేధింపలేదు. కాని చూలుతో నున్నట్టియు, పాలిచ్చునట్టియు మేకను, గొఱ్ఱెను, పందిని, ఆరు నెలలు నిండని వాని పిల్లలను చంపరాదనెను. అక్కడ చూచినది తెలివిని కాదు, తల్లితనమును, పసితనమును. ఆంగ్లేయుడగు బెంథాం సైతము 1789లో ప్రకటించిన గ్రంథమున, జంతువుల యెడ బుద్ధిని గాక బాధనే చూడవలెనని వాదించెను.

పరీక్షలో నెగ్గిన పందికి అభయము, నెగ్గని కోడికి కత్తి యన్నచో అది దయ కాదు, గుమాస్తా ఉద్యోగపు పరీక్ష యగును. తెలివి మన కన్ను తెఱపింపవచ్చును. తీర్పు మాత్రము దానికి వదలరాదు. మనలో మాంసము తినువారును తిననివారును కలరు. ఎవరినీ నిందింపము. తినువారు పాలిచ్చు తల్లిని, పసికూనను విడువవలెననియు, ఏ ప్రాణినైనను హింసించి చంపరాదనియు మా మనవి. సెలవులలో పిల్లలను జౌగడకు తోడ్కొనిపోయి ఆ వంటశాల లెక్కను చూపుదురుగాక.