శాక్సోఫోన్ (తెలుగునాట)

శాక్సోఫోన్ ఊదుడు వాద్యం. ఒళ్లంతా ఇత్తడే అయినా సంగీతజ్ఞులు దీన్ని సన్నాయి, క్లారినెట్ల వరసలో చేరుస్తారు. మూతి దగ్గర బిగించిన రెల్లుబద్ద అదిరితేనే ఇది పలుకుతుంది కాబట్టి. ఆ బద్దను వాద్యగాళ్లు రీడు అంటారు. బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ శాక్స్ 1840లలో దీన్ని రూపొందించి, 1846లో ప్యారిస్‌లో పేటెంటు పొందాడు. మిలిటరీ బ్యాండుల కోసం పుట్టిన ఈ వాద్యానికి లోకమంతా పేరు తెచ్చింది మాత్రం అమెరికా జాజ్. తెలుగునాట దీన్ని నిలబెట్టింది జాజ్ కాదు, పెళ్లి బ్యాండు.

అలాగని జాజ్ ఇటువైపు రాలేదనుకోనక్కర్లేదు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం తన జాజ్ బృందాలను రాయబారుల్లా దేశదేశాలు తిప్పింది. 1958లో డేవ్ బ్రూబెక్ బృందం భారతదేశంలో తిరిగిన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. ఆ బృందంలో ఆల్టో శాక్సోఫోన్ పాల్ డెస్మండ్‌ది. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ ఆర్కెస్ట్రా వచ్చినప్పుడూ దారిలో హైదరాబాద్ ఉంది. ఢిల్లీలో ఎలింగ్టన్ జబ్బుపడి ఆస్పత్రిలో చేరినా పర్యటన ఆగలేదు. జానీ హాడ్జెస్, పాల్ గొన్సాల్వెస్, హ్యారీ కార్నీ అప్పుడు ఆ ఆర్కెస్ట్రాలో శాక్సోఫోన్ వాయించేవారు. ఈ ముగ్గురివీ జాజ్ చరిత్రలో నిలిచిన పేర్లే. అయితే వచ్చినవాళ్లు వాయించి వెళ్లిపోయారు. కలకత్తా, బొంబాయి హోటళ్లలో రాత్రిపూట జాజ్ వాయిస్తూ బతికిన గోవా, ఆంగ్లో ఇండియన్ వాద్యగాళ్ల వంటి వర్గం ఇక్కడ పెద్దగా ఏర్పడలేదు. రోజూ వినేవాళ్లూ, డబ్బిచ్చేవాళ్లూ లేకుండా వృత్తి నిలవదు.

దక్షిణాదిలో ఈ వాద్యానికి కచేరీ మర్యాద తెచ్చినవాడు మంగళూరు ప్రాంతపు కద్రి గోపాల్‌నాథ్. తండ్రి నాదస్వర విద్వాంసుడు. కొడుకు మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని దాని వెంటపడ్డాడు. చిక్కల్లా కర్ణాటక సంగీతపు గమకం దగ్గరే. సన్నాయి రంధ్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా తెరుస్తూ స్వరాన్ని జార్చవచ్చు; శాక్సోఫోన్ రంధ్రాలను మీటలు మూస్తాయి, వేలు తగలదు. కద్రి వాద్యంలో మార్పులు చేయించుకుని, పెదవి పట్టుతో ఆ జారుడు సాధించాడు. 1994లో ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో వచ్చిన ‘డ్యూయెట్’ సినిమాలో వినిపించే శాక్సోఫోన్ ఆయనదే. ఆ సినిమా తెలుగులోకీ అనువాదమైంది. 2004లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2019లో కన్నుమూశాడు.

జాజ్‌కు తెలుగువాళ్లు దగ్గరైంది శాక్సోఫోన్‌తో కాదు, తంత్రీ వాద్యాలతో. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండలిన్ వాయించాడు. విజయనగరానికి చెందిన అవసరాల కన్యాకుమారి వయొలిన్ 2008లో ‘కిన్స్‌మెన్’ అనే ఆల్బంలో వినిపిస్తుంది. ఆ ఆల్బంలో కద్రి పక్కన వాయించిన అమెరికన్ జాజ్ శాక్సోఫోనిస్టు రుద్రేశ్ మహంతప్ప కన్నడ మూలాలున్నవాడు. పర్యటనలు, రికార్డులు, వాటితో పాటు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోధన ఆయన వృత్తి. నేటి జాజ్ కళాకారుడి బతుకు ఇంచుమించు ఇదే: వేదిక ఒక్కటే కడుపు నింపదు, పాఠం కూడా చెప్పుకోవాలి.

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో శాక్సోఫోన్ కథ వేరు. ఇక్కడి శుభకార్యాల్లో మొదటినుంచీ నాయీబ్రాహ్మణుల సన్నాయి, డోలుదే పీట. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడూ, తాళి కట్టేటప్పుడూ గట్టిమేళం వాళ్లదే. కంటోన్మెంటు పట్టణాల మిలిటరీ బ్యాండుల నుంచి దిగివచ్చిన బ్యాండుమేళం ఎదుర్కోళ్లలో, బరాత్‌లో చోటు సంపాదించుకుంది. ట్రంపెట్, క్లారినెట్, శాక్సోఫోన్, డ్రమ్ములు. తర్వాత మైకు పెట్టిన కీబోర్డు బండి. జాతర మాత్రం వీటికి లొంగలేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. అక్కడ భేరీలు, గజ్జెల లాగుల చప్పుడు వింటుంటే ఇత్తడి గొంతు గుర్తుకైనా రాదు.

బ్యాండులో శాక్సోఫోన్ పని పాటలోని గాత్రాన్ని పట్టుకోవడం. స్వరం రాసుకున్న కాగితం సాధారణంగా ఉండదు. కొత్త సినిమా పాటను నాలుగుసార్లు విని వేళ్లకు ఎక్కించుకుంటారు. పెళ్లికొడుకు స్నేహితులు చిందు ఆపకపోతే చరణాన్ని సాగదీస్తారు, నోట్లు చూపిస్తే పల్లవికి తిప్పుతారు. జాజ్ వాళ్లు అప్పటికప్పుడు అల్లడమని గొప్పగా చెప్పుకునే విద్యకు ఇది దూరపు చుట్టం కాదు, మేనరికమే అనిపిస్తుంది. బయానా ముట్టితే తేదీ ఖాయం. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, వాద్యం పెట్టెలోనే ఉంటుంది. ఆ రోజుల్లో కటింగ్ షాపో, కూలిపనో చూసుకునేవాళ్లు ఉంటారు. డీజే బండ్లు వచ్చాక ముహూర్తాల రోజుల్లోనూ పోటీ పెరిగింది.

వైశాఖ మాసపు పగటి ఊరేగింపు ఈ వాద్యానికి అసలు పరీక్ష. ఎండకు గొట్టంలో గాలి వేడెక్కి స్వరం పైకి పోతుంది. కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. అందుకని వాద్యగాడు మూతిని గొట్టం మెడ మీద కొంచెం వెనక్కి లాగి సరిచూసుకుంటాడు. రీడు ఆరిపోతే గొంతు బొంగురు పోతుంది. పాటకూ పాటకూ మధ్య, డ్రమ్ములు ఒక్కటే మోగుతున్న ఆ కాసేపట్లో, దాన్ని నాలుకతో తడుపుకుంటూ నడుస్తాడు.