మన సీమలోని పాత చర్చీలు: మిద్దె నుండి మహాదేవాలయము వరకు

ఓర్వకల్లు కర్నూలు నంద్యాలల నడిమి బాట మీది గ్రామము. ఈ బాటకు కర్నూలు కొసను అమెరికను బాప్తిస్టు మిషనువారును, నంద్యాల కొసను ఇంగ్లండు సంఘపు పాదిరీలును చాలకాలము పనిచేసిరి. మన ప్రాంతపు గుళ్ళను గూర్చి శాసనములు కలవు, స్థలపురాణములు కలవు. మసీదులను గూర్చి నవాబుల చరిత్రలు కలవు. చర్చీలను గూర్చి మాత్రము “అవి దొరలు కట్టినవి” అను ఒక్క మాటతో మనవారు సరిపెట్టుకొందురు. ఆ మాట సగమే నిజము.

రాయలసీమలో క్రైస్తవము ఇంగ్లీషు దొరతనమునకు ముందే కలదు. 18వ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరి నుండి ఫ్రెంచి జెసూటు గురువులు పుంగనూరు మొదలగు చోట్లకు వచ్చిరి. వారు కాషాయము కట్టి, మాంసము మాని, సన్న్యాసుల వలె మెలగిరి. వారికి దుర్గములు లేవు, ఫిరంగులు లేవు. పాలెగాండ్ర దయమీద బ్రదుకవలసియుండెను. 1773లో రోమునందే జెసూటు సభ రద్దయినది. అంతకుముందే యుద్ధములకు, కరవులకు తాళలేక అనంతపురపు వైపు నుండి కొన్ని రెడ్డి కుటుంబములు గుంటూరు సీమకు వలసపోయి, తమ మతమును కూడ వెంట గొనిపోయినవి. ఫిరంగిపురములో 19వ శతాబ్ది చివర లేచిన బాల యేసు దేవాలయము అట్టి కుటుంబములు గల విచారణయందలిదే. కావున మన సీమలోని పాత క్రైస్తవ చరిత్రను చూడగోరువాడు కొంతవరకు గుంటూరు జిల్లాకే పోవలసియున్నది!

లండను మిషనువారు 1810లో బళ్ళారిలోను, 1822లో కడపలోను నెలకొనిరి. తరువాత గుత్తి, జమ్మలమడుగు వారి స్థానములైనవి. ఇంగ్లండు సంఘమునకు చెందిన ఎస్.పి.జి. మిషను 19వ శతాబ్ది నడుమ చాగలమర్రి చెంతనున్న ముత్యాలపాడును, ఆపై కలసపాడును, నంద్యాలను కేంద్రములుగా చేసికొన్నది. ఇంతలో ధాత కరవు వచ్చినది. 1876 నుండి 1878 వరకు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు శ్మశానములైనవి. ఆ కరవు వెనుక మాల మాదిగ పల్లెలు పల్లెలుగా క్రైస్తవ సంఘములలో చేరినవి.

వారు గంజికొరకు చేరిరని నేటికిని అనువారు కలరు. ఆకలి ఒక కారణము కాదని ఎవరును చెప్పజాలరు. కాని గంజి తొట్లు ఎత్తివేసిన పిమ్మటను ఆ కుటుంబములు నిలిచియే యున్నవి. మదరాసు ప్రభుత్వము 1947లో ఆలయ ప్రవేశ శాసనము చేయువరకు ఆ జనులకు తమ ఊరి గుడి ధ్వజస్తంభము దాటు అధికారమే లేదు. తమ పేటలో, తమ చేతులతో లేపిన గోడల నడుమ, తాము లోపల కూర్చుండదగిన చోటు ఏర్పడుట వారికి ఎట్టిదో ఊహింపవలెను. ఈ సంగతి మరచి చర్చి కట్టడమును గూర్చి మాటలాడుట వ్యర్థము.

ఆ తొలి మందిరములకు శిఖరములు లేవు. కొన్ని బోదకొట్టములు, కొన్ని మన మిద్దెలే. రాయిని మట్టితో పేర్చిన మందపు గోడలు, దూలముల మీద దంతెలు, వాని మీద నాపరాళ్ళో కట్టెలో పరచి, పైన చవుడు దిమ్మెస వేసిన కప్పు. ఎండకు చల్లన, వానకు ఉరువక నిలుచుటకు ఏటేట చవుడు పోయవలసినదే. పగలు అదియే బడి. ఆదివారము అదియే గుడి. పాఠము చెప్పు ఉపదేశియే ప్రార్థన నడపును. పలకమీద అక్షరము దిద్దిన చోటనే మోకరించిరి. మన గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో కొందరి తాతలు అక్షరము నేర్చినది ఇట్టి మిద్దెలలోనే కావచ్చును.

మిషను స్థానములలో మాత్రము గానుగసున్నముతో పెద్ద కట్టడములు లేచినవి. వెలుపల నుండి అన్నియు ఒకటిగా తోచినను, లోపల అడుగిడిన తేడా తెలియును. ఇంగ్లండు సంఘపు చర్చిలో తూర్పు కొసను బలిపీఠము, ద్వారము చెంత బాప్తిస్మపు రాతితొట్టి ఉండును. లండను మిషనువారికి వాక్యోపదేశము ముఖ్యము. ప్రసంగ వేదికయే అందరి కంటికి ఎదురుగా నుండును. బాప్తిస్టులు నీటిలో నిండ ముంచి బాప్తిస్మమిత్తురు గనుక వారికి చిన్న తొట్టితో పనిలేదు. చెరువో, బావియో, నేలలో కట్టిన తొట్టియో కావలయును. నమ్మకము మారిన కొలది గది అమరికయు మారినది.

తెలుగుదేశపు చర్చి ఎవరి రూపున ఉండవలెను? ఈ ప్రశ్నకు రెండు సమాధానములు తెలంగాణమున నిలిచియున్నవి. మొదటిది మెదకు. వెస్లియను మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో ఆరంభింపగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠితమైనది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురము ఎత్తు 175 అడుగులు. కరవు రోజులలో కూలికి తిండి పెట్టి కట్టించిరని ప్రసిద్ధి. మొనదేలిన తోరణములు, రంగుటద్దముల కిటికీలు, అంతయు యూరపు గాథిక్ పద్ధతి. చూడ వచ్చినవాడు తల వెనుకకు వాల్చి చూచును. ఆ అందమును కాదనుట అసూయ యగును.

రెండవది దోర్నకల్లు. తిరునల్వేలి సీమ తమిళుడైన వేదనాయకం శామ్యూలు అజరయ్య 1912లో కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో తొలి భారతీయ బిషపు అయ్యెను. ఆయన తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలో తిరిగి, తన మహాదేవాలయము తెలుగువాని కంటికి పరాయిది కారాదని తలచెను. దేవళపు మండపములను తలపించు చెక్కడపు స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు కూర్చి కట్టించెను. తామర పూవు క్రైస్తవ చిహ్నముల సరసకు చేరినది. పని పాతికేండ్లు సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినది. 1945లో మరణించిన అజరయ్య సమాధి దోర్నకల్లులోనే యున్నది. మెదకు ఘనతరమైనదే, ఐనను నాకు దోర్నకల్లే సాహసముగా తోచును. అన్యుల నమూనాను చక్కగా అనుసరించుట కంటె, లేని నమూనాను కల్పించుట కష్టము.

ఇది మనకు దూరపు కథ కాదు. మన నంద్యాల, కలసపాడు సంఘములు కూడ ఒకప్పుడు దోర్నకల్లు అధ్యక్ష మండలములోనివే. 1947 సెప్టెంబరులో మదరాసున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు లండను మిషను సంఘములు అందు చేరినవి. నంద్యాలవారిలో పెద్ద భాగము చేరక, కొంతకాలము వేరుగా నిలిచి, 1963లో తమకే ఒక మండలమును పొంది, ఆ తరువాతనే ఐక్యమైరి. బాప్తిస్టులు నేటికిని వేరే.

ఇప్పుడు ఈ పాత కట్టడములకు ఒక ఆపద కలిగినది. భక్తులు చందాలు వేసికొని, మేలు చేయుచున్నామను తలపుతోనే, గానుగసున్నపు గోడలకు సిమెంటు పూయుచున్నారు. సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల విడుచును. సిమెంటు దానిని లోపలనే బంధించును. కొన్ని ఏండ్లకు గోడ పొక్కి రాలును. అప్పుడు “పాతది, పనికిరాదు” అని పడగొట్టి స్లాబు వేయుదురు. మిద్దె మందిరముల గతి సరేసరి. శిలాఫలకమైనను కొత్త గోడలో నిలుపువారు కొందరే.

గోడల కంటె ముందు చూడవలసినది ఆ చర్చీల పెట్టెలలోని జ్ఞానస్నానపు, వివాహపు, సమాధుల దాఖలాలను. కరణము లెక్కలలో రైతు పేరు, పొలము హద్దు ఉండును. పొలమే లేనివాని పేరు ఎక్కడ నుండును? వాని తండ్రి, తల్లి, ఊరు, పుట్టిన దినము వ్రాసిన తొలి కాగితము పెక్కుచోట్ల ఈ దాఖలాయే. సంఘపెద్దలు అంగీకరించిన యెడల, మన గ్రంథాలయపు యువకులు నలుగురు చుట్టుపట్ల గ్రామములకు పోయి, శిలాఫలకములపై వ్రాతను ఎత్తి వ్రాసికొని, దాఖలాలకు ఛాయాచిత్రములు తీసి, ఒక ప్రతిని ఇచ్చటి బీరువాలో ఉంచవచ్చును. ఒక సెలవు మాసపు పని. వానలు రాకముందే మొదలిడుట మంచిది, ఏలయన ఆ పెట్టెలలో ముందు చేరునది చెదపురుగు.