మొదటి గిటార్ ఎంత చవగ్గా ఉండాలి?

మా అక్క కొడుకు ఇంటర్ పరీక్షలు అయిపోయిన మర్నాడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుందామనుకుంటున్నా. చవగ్గా ఏది బావుంటుంది?" రెండు మోడళ్ళ పేర్లు చెప్పి పెట్టేస్తే పోయేది. చెప్పలేకపోయాను.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో విజయవాడలో ఒక దుకాణంలో నేనూ ఒక ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. మూడు వేల అయిదొందలు. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండేది. దాన్ని చూసే కొన్నాను తప్ప వాయించి కాదు, అప్పటికి నాకు వాయించడం వస్తేగా! మెడ మధ్యలో తీగలకీ చెక్కకీ మధ్య పెన్సిలు దూరేంత ఎడం ఉండేది. వేలు కోసుకుపోయేలా నొక్కితేగాని పలికేది కాదు. మొదటి రెండు మెట్ల మీద బాగానే ఉన్న స్వరం పైకి వెళ్ళేకొద్దీ అపస్వరమయ్యేది. నా వేళ్ళే మొద్దువి, నాకు చెవి లేదు అనుకున్నాను. ఏడాది తిరక్కుండా దాన్ని జూనియర్ ఒకడికి అంటగట్టాను (వాడూ మానేశాడని తర్వాత తెలిసింది). పదేళ్ళయ్యాక ఒక స్నేహితుడింట్లో, అదీ ఖరీదైనదేమీ కాదు, ఒక గిటార్ చేతిలోకి తీసుకున్నాను. అయిదు నిమిషాల్లో అర్థమైంది, తప్పు నా వేళ్ళది కాదని. ఆ పదేళ్ళూ ఎవర్నడగాలి?

అప్పట్నుంచీ చవక గిటార్ల గురించి చదవడం ఒక వ్యసనమైంది. చవక అనేది ఒక ధర కాదనీ, దేంట్లో తగ్గించారన్నదే అసలు ప్రశ్న అనీ తెలియడానికి చాలా రోజులే పట్టింది.

లియో ఫెండర్‌తో మొదలుపెట్టాలి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసేవాడు. చదివింది ఎకౌంటింగు. గిటార్ వాయించడం రాదు. 1950లో ఆయన అమ్మకానికి పెట్టిన గిటార్‌ని అప్పటి వాద్య నిర్మాతలు చూసి నవ్వుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. డొల్ల లేని చదునైన చెక్క, దానికి నాలుగు మరలతో బిగించిన మెడ. ఫిడేలు లాగా జిగురుతో అతికించలేదు. పాడైతే మెడ విప్పేసి ఇంకోటి బిగించుకోవచ్చు. ఇది వాద్యకారుడి ఆలోచన కాదు, రిపేరు షాపువాడి ఆలోచన.

కానీ లియో కూడా ఒక పొరపాటు చేశాడు. మేపుల్ గట్టి చెక్క కదా అని, మొదట్లో చేసిన గిటార్ల మెడలో ఇనుప కడ్డీ పెట్టలేదు. ఆరు తీగల్ని శ్రుతికి బిగిస్తే మెడ మీద పడే లాగుడు దాదాపు నలభై కిలోల బరువుతో సమానం. రాత్రీ పగలూ అంత బరువు లాగుతుంటే ఏ కర్రయినా కొద్దికొద్దిగా విల్లులా వంగుతుంది. వంగితే తీగలు పైకి లేస్తాయి. నా ఎర్ర గిటార్ జబ్బు అదే. మెడలు వంగుతున్నాయని ఫిర్యాదులొచ్చాక, మరతో తిప్పి సరిచేసుకోగలిగే కడ్డీ ఆ ఏడాదే చేరింది. నిజానికి గిబ్సన్ కంపెనీ వాళ్ళు అలాంటి కడ్డీని 1920లలోనే పెట్టారు.

ఫెండర్ గిటార్ తయారీలో సులువు గానీ, కొనేవాడికి చవక కాదు. 1954లో స్ట్రాటోకాస్టర్ ధర 249 డాలర్ల 50 సెంట్లు. అప్పుడు అమెరికాలో కనీస వేతనం గంటకి 75 సెంట్లు. లెక్క వేసి చూడండి, 330 గంటల పైచిలుకు పని. ఎనిమిది వారాలు తిండీ తిప్పలూ లేకుండా పని చేస్తే ఒక గిటార్. పదిహేనేళ్ళ పిల్లాడికి అది షోకేసులో వస్తువు.

ఆ పిల్లాడి గురించి ఆలోచించినవాడు న్యూజెర్సీలో ఉన్నాడు. నేథన్ డేనియల్. ఈయన కూడా ఎలక్ట్రానిక్స్ మనిషే. 1947లో డేన్‌ఎలక్ట్రో అని కంపెనీ పెట్టి ముందు ఆంప్లిఫయర్లు చేసేవాడు. 1954 నుంచి గిటార్లు మొదలుపెట్టాడు. వాటిలో ఎక్కువ భాగం సియర్స్ రోబక్ వాళ్ళు సిల్వర్‌టోన్ పేరుతో తమ కేటలాగులో పెట్టి అమ్మేవాళ్ళు. ఊళ్ళో వాద్యాల దుకాణం లేకపోయినా పోస్టులో తెప్పించుకోవచ్చు.

డేనియల్ గిటార్ విప్పి చూస్తే మతి పోతుంది. చుట్టూ మామూలు చెక్కతో ఒక చట్రం. దాని పైనా కిందా మేసొనైట్. అంటే మనం పరీక్షలకి క్లిప్పు పెట్టుకుని పట్టుకెళ్ళే గోధుమరంగు అట్ట ఉందే, అలాంటిది. అట్ట అంచులు కనపడకుండా పక్కలకి వినైల్ పట్టీ అంటించాడు. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్‌ని, అయస్కాంతమూ తీగచుట్టా కలిపి, లిప్‌స్టిక్ గొట్టంలో పెట్టాడు. పోలిక కోసం అనడం లేదు, నిజంగా లిప్‌స్టిక్ తయారీకి వాడే లోహపు గొట్టాలే! దొరికేవి, చవక, పైగా లోహం కాబట్టి బయటి విద్యుత్ రొద కొంత లోపలికి రాకుండా ఆపుతుంది.

1962లో ఆయన సియర్స్ కోసం చేసిన 1448 మోడల్ నాకు చాలా ఇష్టం. కొత్తగా నేర్చుకునేవాడి బాధ ఎలక్ట్రిక్ గిటార్‌తో తీరదు, ఆంప్లిఫయర్ కూడా కొనాలి, మోసుకెళ్ళడానికి పెట్టె కొనాలి. డేనియల్ ఆంప్లిఫయర్‌ని పెట్టెలోనే పెట్టేశాడు. మూత తెరిచి గిటార్ బయటికి తీసి, పెట్టెని నిలబెడితే అదే ఆంప్లిఫయర్, అందులో అయిదంగుళాల స్పీకరు. అంతా కలిపి 67 డాలర్ల 95 సెంట్లు. అప్పటి కనీస వేతనం ప్రకారం అరవై గంటల లోపు పని. సెలవుల్లో పచ్చిక కోసో, పేపర్లు వేసో సంపాదించగలిగేంత.

మరి దేంట్లో తగ్గించాడు? అట్ట, టేపు, గొట్టం, చిన్న స్పీకరు, పద్దెనిమిదే మెట్లు. మెడలో మాత్రం రెండు ఉక్కు కడ్డీలు పెట్టాడు. మర తిప్పి సరిచేసే వీలు లేదు, అది లోటే. కానీ అట్టతో గిటార్ చేస్తున్నవాడు మెడ దగ్గరికొచ్చేసరికి ఉక్కు కొన్నాడు! ఎక్కడ పిసినారితనం చెయ్యొచ్చో ఎక్కడ చెయ్యకూడదో తెలిసినవాణ్ణే నేను ఇంజనీరంటాను. జెర్రీ గార్సియా మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఒక డేన్‌ఎలక్ట్రో. లెడ్ జెపెలిన్‌లో పేరూ డబ్బూ వచ్చాక కూడా జిమ్మీ పేజ్ డేన్‌ఎలక్ట్రోని వేదిక మీద వాడాడు.

అదే రోజుల్లో ఇంగ్లండులో పరిస్థితి వేరు. డాలర్ల కొరత వల్ల 1951 నుంచి 1959 దాకా అమెరికన్ వాద్యాల దిగుమతి మీద ఆంక్షలుండేవి. జార్జ్ హారిసన్ మొదట్లో వాయించిన ఫ్యూచరామా, చూడ్డానికి కొంచెం ఫెండర్‌లా ఉన్నా, చెకొస్లొవేకియాలో తయారైంది. ఆంక్షలు ఎత్తేశాక కూడా కొనలేక, 1963లో బ్రయన్ మే అనే కుర్రాడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన నాన్నతో కలిసి, పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో మెడ చెక్కి, మోటర్‌సైకిల్ స్ప్రింగులు బిగించి ఇంట్లోనే గిటార్ చేసుకున్నాడు. క్వీన్ పాటల్లో మనం వినేది చాలావరకూ దాన్నే. మనకీ ఇలాంటి కథే, ఇంకా పొడుగ్గా ఉంటుంది. విదేశీ వినియోగ వస్తువుల దిగుమతి మీద మన దగ్గర పరిమాణ ఆంక్షల్లో ఆఖరివి 2001లోగాని పోలేదు. అందాకా కలకత్తాలో చేసిన గివ్‌సన్‌లూ వాటి బంధువులే మన పిల్లల చేతిలో గిటార్లు. ఆ పేరు దేన్ని తలపిస్తోందో చెప్పక్కర్లేదు.

డేనియల్ పద్ధతి ఎక్కువ కాలం సాగలేదు. 1960ల నడుమ అమెరికాలో గిటార్ల వెర్రి తారస్థాయికి చేరింది. పెద్ద కంపెనీలు సంచులు పట్టుకుని దిగాయి. సీబీఎస్ 1965లో ఫెండర్‌ని 130 లక్షల డాలర్లకి కొంది. మరుసటి ఏడాది ఎంసీఏ డేన్‌ఎలక్ట్రోని కొని, 1969లో మూసేసింది. వెర్రి తగ్గింది, జపాన్ సరుకు వచ్చింది. షికాగోలో చవక గిటార్లు చేసే కే, వాల్కో, హార్మొనీ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి.

జపాన్ వాళ్ళ తొలి ఎలక్ట్రిక్ గిటార్లు నాసిరకమే. కానీ మత్సుమోటోలో 1960లో మొదలైన ఫూజీగెన్ లాంటి ఫ్యాక్టరీలు పదిహేనేళ్ళలో పని నేర్చేసుకున్నాయి. గిబ్సన్ యజమానులు 1977లో కోర్టుకెక్కారు, ఐబనెజ్ గిటార్ల తల ఆకారం అచ్చం తమదేనని. నాణ్యత లేని నకలు మీద ఎవరూ అంత కంగారుగా కేసు వెయ్యరని నా అనుమానం. 1982లో ఫెండర్ ఇంకో దారి పట్టింది. నకళ్ళు చేస్తున్నవాళ్ళ చేతే తమ గిటార్లు చేయిద్దామని జపాన్‌లో భాగస్వాములతో కంపెనీ పెట్టి, ఎప్పుడో కొనిపెట్టుకున్న ఒక పాత తీగల కంపెనీ పేరు దులిపి వాటి మీద వేసింది. అదే స్క్వయర్. ఆ తొలి ఏళ్ళ స్క్వయర్‌ల కోసం ఇవాళ సేకర్తలు పోటీ పడతారు.

తర్వాత జరిగింది ఇంకా తమాషా. 1985లో సీబీఎస్ ఫెండర్‌ని అమ్మేసినప్పుడు కొన్నవాళ్ళకి పేరూ, డిజైన్లూ వచ్చాయి గానీ ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ రాలేదు. కరోనాలో కొత్తది మొదలై నిలదొక్కుకునేదాకా ఫెండర్ పేరుతో అమ్మినవాటిలో చాలావరకూ జపాన్‌లో చేసినవే. చవక తమ్ముడు అన్నని సాకాడు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్లాజా ఒప్పందం. డాలర్‌కి 240 యెన్‌ల దగ్గరున్నది రెండేళ్ళు దాటేసరికి 120కి వచ్చింది. జపాన్ గిటార్ చవక కాకుండా పోయింది. పని కొరియాకి వెళ్ళింది, అక్కణ్ణుంచి చైనాకీ ఇండోనేసియాకీ. డేనియల్ వస్తువుల్ని మార్చి చవక చేశాడు. వీళ్ళు చోటు మార్చి చవక చేశారు. ఇది రాస్తున్న నా జీతమూ అలా చోటు మారిన పనిలోంచి వచ్చేదే కాబట్టి పెద్దగా నోరెత్తలేను. కానీ ఒక సంగతి చెప్పాలి. ఎన్నో పెద్ద పేర్లకి గిటార్లు చేసిపెట్టే కార్ట్ కంపెనీ 2007లో కొరియాలో కార్మికుల్ని తీసేసి, అక్కడి ఫ్యాక్టరీలు మూసేసింది. కిటికీలు కూడా లేని చోట పనిచేశామని చెప్పిన ఆ కార్మికులు ఉద్యోగాల కోసం చేసిన పోరాటం 2019లోగాని ఒప్పందానికి రాలేదు. నాలుగు వేల రోజుల పైమాటే. మంచి మెడ ఉన్న చవక గిటార్ వెనక ఇది కూడా ఉంది.

మెడ మంచిది కావడానికి యంత్రాలూ కారణం. మెట్ల మధ్య దూరాలు శుద్ధ గణితం. బొబ్బిలిలో వీణకి మైనం మీద ఇత్తడి మెట్లు అమర్చేవాళ్ళు చెవితో విని జరుపుకుంటారు. గిటార్‌లో ఆ అవకాశం లేదు, గాడి కోశాక కోసినట్టే. 648 మిల్లీమీటర్ల తీగకి మొదటి మెట్టు 36.4 దగ్గర, పన్నెండోది సరిగ్గా 324 దగ్గర ఉండాలి. ఒకప్పుడు చవక ఫ్యాక్టరీలో ఇది తప్పడం మామూలే. కంప్యూటర్ నడిపే కోత యంత్రాలొచ్చాక గాడి చోటు తప్పడం అరుదైపోయింది. ఇప్పుడు తగ్గించేది వేరే చోట, మెట్ల అంచులు నున్నగా రాయడం, తీగల ఎత్తు సరిచూడడం లాంటి మనిషి చెయ్యి పెట్టాల్సిన పనుల్లో. వాటిని మనం చేయించుకోవచ్చు. వంగిన మెడకి లోపల కడ్డీ లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

మా వాడితో కలిసి ఆ ఆదివారం దుకాణానికి వెళ్ళాను. వాడి కళ్ళు సహజంగానే నల్లటి కోణాల గిటార్ మీద పడ్డాయి. తీసి, తల వైపు నుంచి తుపాకీ గురి చూసినట్టు మెడ పొడవునా చూడమన్నాను. "కొంచెం వంగింది మావయ్యా" అన్నాడు. కడ్డీ తిప్పితే అంత వంపు పోతుంది గానీ, పన్నెండో మెట్టు మీద నొక్కినప్పుడూ, ఊరికే తాకి గంటలా మోగించినప్పుడూ స్వరాలు కలవలేదు. బ్రిడ్జి మీద జరపడానికి చోటు కూడా మిగల్లేదు. పక్కన ఇండోనేసియాలో చేసిన లేత నీలం స్ట్రాట్ నకలు, ఎవరో వాడి ఇచ్చేసింది, ఒకచోట రంగు పెచ్చూడింది. అది కలిసింది. జేబులోంచి స్టీలు స్కేలు తీసి తీగల ఎత్తు కొలిచాను, రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. దుకాణం అతను నన్ను వింతగా చూశాడు. మిగిలిన డబ్బుల్తో చిన్న ఆంప్లిఫయరూ, రెండు జతల సన్న తీగలూ వచ్చాయి.

ఇంటికెళ్ళే దారిలో "ఆ నల్లది బావుంది కదా" అని రెండుసార్లు అన్నాడు. ఔను, బావుంది.