డోర్నకల్ సంఘము: నాయకుని అనంతరము

తిరునెల్వేలి తమిళులగు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1909లో నైజాము రాష్ట్రమునందలి డోర్నకల్ చేరి, తెలుగు నేర్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ప్రథమ భారతీయ బిషప్పు అయిరి. పల్లెలకు ఉపదేశకులను, గురువులను గ్రామీణులనుండియే తీర్చిదిద్దిరి. వేర్వేరు మిషనుల సంఘములు ఏకము కావలెనని 1919 నాటి తరంగంబాడి సభ మొదలు కృషిచేసిరి. ఆ కోరిక ఫలింపకమునుపే 1945 జనవరి 1న గతించిరి.

పెద్దదిక్కు పోయెను, పీఠమును విదేశీయులగు ఎలియట్టుగారు అధిష్ఠించిరి. అయినను సంఘము చెదరలేదు. పల్లెలలో ప్రార్థన నడపువారు, బడి చెప్పువారు ఊరివారే గదా! 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము వెలసినపుడు డోర్నకల్ అధ్యక్షఖండమును అందు చేరెను. నాయకుడు చూడని దినమును ఆయన తీర్చిన జనులు చూచిరి. ఏ సంస్థకైనను ఇదియే నిలుకడ.