సేవ పేరుతో అమ్మే వస్తువులు: కొనేముందు, అమ్మేముందు తెలుసుకోవలసిన సంగతులు

రంజాన్ దగ్గర పడిందంటే చాలు, వాట్సాప్‌లో ఫొటోలు వస్తుంటాయి. ఈ సంచి కొంటే ఒక అనాథకు పుస్తకాలు, ఈ ఈదీ కవర్లు కొంటే ఒక వితంతువుకు రేషన్ అని రాస్తారు. మంచి పనే కదా అని మనం కొంటాం. కానీ అందులో పేదలకు చేరేది ఎంత? దాన్ని జకాత్‌లో లెక్క కట్టుకోవచ్చా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇలాంటివి కొనే కుటుంబాలకూ, కుట్టి అమ్మే అక్కాచెల్లెళ్లకూ పనికొచ్చే సంగతులు ఇక్కడ ఇస్తున్నాం.

పాత పద్ధతే

సునన్ అబూ దావూద్‌లో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. ఒక అన్సారీ మనిషి సాయం అడగడానికి ప్రవక్త (స) దగ్గరికి వచ్చాడు. ఇంట్లో ఏముందని అడిగితే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. ప్రవక్త (స) వాటిని తెప్పించి స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తారా అని అడిగితే మరొకరు రెండు దిర్హమ్‌లు ఇచ్చి కొన్నారు. ఒక దిర్హమ్‌తో ఇంట్లోకి తిండి, రెండో దానితో గొడ్డలి కొనమన్నారు. కట్టెలు కొట్టి అమ్ముకున్న ఆ మనిషి పదిహేను రోజుల్లో పది దిర్హమ్‌లు సంపాదించాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొన్న డబ్బు మొత్తం ఆ మనిషి చేతికే వెళ్లింది, అందులో సగం పనిముట్టుగా మారింది.

ఆధునిక కాలంలో 1904లో డెన్మార్క్‌లో ఐనార్ హోల్బోల్ అనే తపాలా ఉద్యోగి క్షయ రోగుల కోసం చిన్న బొమ్మ బిళ్లలు అచ్చు వేయించి అమ్మించారు. మన దేశంలో టీబీ సీల్ అమ్మకం 1950లో మొదలైంది. 1949లో యునిసెఫ్ వేసిన మొదటి గ్రీటింగ్ కార్డు మీది బొమ్మ గీసింది చెకొస్లొవాకియాకు చెందిన ఏడేళ్ల పాప యిత్కా సామ్‌కోవా. యుద్ధం తర్వాత తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా ఆ పాప గీసింది. వస్తువు చిన్నది, ధర తక్కువ, డబ్బు దేనికి వెళ్తుందో అందరికీ తెలుసు. అందుకే అవి నిలబడ్డాయి.

మన పాత నల్లగొండ జిల్లాలో

డిజైన్ అంటే పైన వేసే పువ్వులే కాదు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ చీరలకు ఆసు పోసేవారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేతిని అటూ ఇటూ తిప్పాలి, నాలుగైదు గంటలు పడుతుంది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేసే మనిషి కష్టాన్ని తగ్గించే డిజైన్‌కు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

పుట్టపాక తేలియా రుమాలు మరో ఉదాహరణ. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి నేసే ఈ గుడ్డ ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డల కోసం వెళ్లేది. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు ముందే ఉంది. మన మూడు ఊళ్ల నుంచి హైదరాబాద్ పోయే దారిలో చౌటుప్పల్ దగ్గర పక్కకు తిరిగితే ఈ రెండు ఊళ్లూ దూరమేమీ కాదు. పెళ్లి బట్టలు నేసిన వాళ్ల దగ్గరే కొంటే, ఏ దానం బోర్డూ లేకుండానే ఒక ఇల్లు గడుస్తుంది. చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ అంటగట్టేవాళ్లూ ఉంటారు. 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి.

కొనడం వేరు, జకాత్ వేరు

వస్తువు తీసుకుని ఇచ్చిన ధర జకాత్ కాదు. జకాత్ డబ్బుకు బదులుగా మనం ఏమీ తీసుకోకూడదు. అది ఖురాన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది వర్గాల వారికే చేరాలి. 200 రూపాయల సంచికి 500 ఇచ్చి, మిగతా 300 పేదలకని చెబితే ఆ 300 సదఖా అవుతుంది. రెండున్నర శాతం లెక్క మాత్రం విడిగా కట్టి, విడిగా ఇవ్వాలి. అర్హురాలైన చెల్లెలికి జకాత్‌తో కుట్టుమిషన్ కొని ఇవ్వాలనుకుంటే, అది ఆమె సొంతం అయ్యేలా ఇవ్వాలి. మీ విషయంలో సందేహం ఉంటే మసీదు ఇమామ్ గారినో, ముఫ్తీ గారినో అడగండి.

ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు కూడా దానానికే వర్తిస్తుంది, కొన్న సరుకు ధరకు కాదు. పైగా అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన దానానికి అది రాదు.

కొనేముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. శాతం దేనిలో? 500 రూపాయల వస్తువు మీద లాభం 50 అనుకుందాం. అమ్మకంలో పది శాతం అంటే 50 రూపాయలు. లాభంలో పది శాతం అంటే 5 రూపాయలే. పోస్టర్ మీద రెండూ "పది శాతం" అనే ఉంటాయి.

2. ఎవరికి? "పేదలకు" అంటే చాలదు. ఏ మదర్సా, ఏ బడి, ఏ ఆసుపత్రి ఖర్చు అన్నది చెప్పాలి. సాయం పొందే మనిషి పేరు, ఫొటో అడగకండి. ఆ మనిషి పరువు దాచడం మన బాధ్యత.

3. కుట్టినవాళ్లకు ఎంత? సేవ పేరు చెప్పి కుట్టుకూలి తగ్గిస్తే, ఒక పేదరాలి చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇచ్చినట్టే.

4. లెక్క ఎప్పుడు చెబుతారు? ఈద్ తర్వాత ఎంత వచ్చింది, ఎంత ఇచ్చామన్నది చెప్పేవాళ్ల దగ్గర మళ్లీ కొనండి.

ఇవి అడిగితే బాగుండదేమో అని మొహమాటపడొద్దు. నిజాయితీగా చేసేవాళ్లు సంతోషంగానే చెబుతారు.

మీరే అమ్మాలనుకుంటే

ముందు ఇంట్లో రోజూ వాడేవే చేయండి. జానమాజ్, ఖురాన్ గిలాఫ్, ఈదీ కవర్లు, మిర్యాలగూడ బియ్యం పోసుకునే గుడ్డ సంచులు, బడి పిల్లల పౌచ్‌లు లాంటివి అమ్ముడుపోతాయి. షోకేసులో పెట్టే వస్తువును జాలితో ఒకసారి కొంటారు, రెండోసారి కొనరు.

పారేసే కవర్ల మీద, సంచుల మీద ఆయత్‌లు, అల్లాహ్ పేరు అచ్చు వేయించొద్దు. చెత్తలో పడితే బేఅదబీ అవుతుంది. తీగలు, చంద్రవంక, రేఖల డిజైన్లు చాలు.

ధర కట్టేటప్పుడు గుడ్డ, కూలి, రవాణా విడివిడిగా రాసుకోండి. మచ్చుకు ఒక సంచికి గుడ్డ 60, కూలి 50, అచ్చు, రవాణా 20 అయితే ఖర్చు 130. దాన్ని 180కి అమ్మితే 50 మిగులుతుంది. ఆ 50 సేవకు వెళ్తుందని సంచి చీటీ మీదే రాయండి. కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి. డబ్బు ఒక్కరి సొంత ఫోన్‌పేలో కాకుండా, ఇద్దరి సంతకాలుండే బ్యాంకు ఖాతాలో వేయండి. తినే సరుకు అమ్మితే ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఈద్ ముందు దర్జీలకు ఊపిరాడదు కాబట్టి షాబాన్ రాకముందే పని మొదలుపెట్టండి. జనవరిలో జాన్‌పహాడ్ దర్గా ఉర్సు, జూన్‌లో బడులు తెరిచే రోజులు కూడా అమ్మకానికి మంచి సమయాలే.

చివరగా ఒక మాట. మన గల్లీలో మగ్గం వర్క్ చేసే చెల్లెలి దగ్గర బేరమాడి వంద రూపాయలు తగ్గించి, అదే వందతో సేవ సంచి కొనడంలో అర్థం లేదు. ఆమె అడిగిన కూలి పూర్తిగా, చెప్పిన రోజుకు ఇచ్చేయండి. దానం చేయాలనుకుంటే అది వేరుగా చేయండి.